రెండు చేతుల ఉప్పు

కిందటి వారం మనం పెద్దమ్మని వంటింట్లో స్టూలు మీద కూచోబెట్టి వదిలేసి వచ్చాం. ఎదురుగా ఆవిడ మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఆయన ముందు పొగలు కక్కుతున్న కూర గిన్నె, ఆయన చేతిలో చెంచా. పాపం, వారం రోజులుగా ఆ చెంచా గాల్లోనే ఉంది. ఇవాళ నోట్లో పెట్టుకుంటాడు.

ఈలోగా, కిందటి వారాలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. శనివారం పెద్దమ్మ చెల్లెలి కూతురి పెళ్ళి. పొద్దున రిజిస్ట్రారు దగ్గర సంతకాలు, మధ్యాహ్నం హాల్లో రెండువందల అరవై మందికి భోజనం. ఆ పిల్ల ఎనిమిదేళ్ళప్పుడు ఒళ్ళో కూచుని "నా పెళ్ళికి నువ్వే వండాలి పెద్దమ్మా" అంటే, "నేను కాక ఇంకెవరు వండుతారే" అని ఈవిడ మాటిచ్చేసింది. అప్పట్లో ఆస్పత్రి క్యాంటీన్లో రోజుకి నాలుగొందల మందికి వండి పడేసేది కాబట్టి ఆ మాట బరువు తెలియలేదు. ఇప్పుడు రిటైరై మూడేళ్ళయింది. మనసు ఒకటంటే మోకాళ్ళు ఇంకోటంటున్నాయి. ఒక్క రోజులో నిలబడి అంత వంట చెయ్యలేదు గనక, నెల రోజులుగా వాయకింత చొప్పున వండి, చల్లార్చి, డబ్బాల్లో సర్ది, గడ్డకట్టించి దాస్తోంది. మాంసం కూరే నాలుగు వాయలు, వాయకి పది డబ్బాలు. మొదటి వాయ ఇంట్లో ఉంది, రెండోదీ మూడోదీ మూలమీది ఐస్‌క్రీం షాపు ఫ్రీజర్లో, నాలుగోది పైవాటా టీచరమ్మ ఇంట్లో. ప్రతి వాయతో పాటు ఒక చిన్న మచ్చు డబ్బా కూడా పెట్టింది. పెళ్ళికి రెండు మూడు రోజుల ముందు దాన్ని కరిగించి రుచి చూస్తే ఆ వాయ సంగతంతా తెలిసిపోతుందని.

అందరూ మెచ్చుకున్నారు, పెళ్ళికొడుకు తల్లి తప్ప. ఆవిడకి పెద్ద హోటలుంది, ఇరవై ఏళ్ళుగా తనే నడుపుతోంది. "నెల కిందట వండింది పెళ్ళివాళ్ళకి పెడతారా" అని బుగ్గలు నొక్కుకుంది. చివరికి, "గురువారం వచ్చి రుచి చూస్తాను. బాగుంటే సరే. లేకపోతే మా హోటల్ వాళ్ళు వండుతారు, వాళ్ళకి చెప్పే ఉంచాను" అని తెగేసి చెప్పింది. ఇవాళ బుధవారం.

ఇక అసలు సంగతి. ఎనిమిది నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ పెద్దమ్మ నాలుక మీది రుచినీ, ముక్కులోని వాసననీ పట్టుకుపోయింది. ఇది మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియదనే ఆవిడ అనుకుంటోంది.

సరే, మరిది మొదటి వాయ మచ్చు చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాడు.

ఆయన పాతికేళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. ఎంత గుంతొచ్చినా మొహంలో కనపడనివ్వడు. కానీ పెద్దమ్మ కూడా ఈ ఎనిమిది నెలల్లో తక్కువ చదువు చదవలేదు. తన నాలుక పనిచెయ్యడం మానేశాక ఎదుటివాళ్ళ మొహాలనే నాలుకగా వాడుకోవడం నేర్చుకుంది. ముక్క నోట్లో పడగానే దవడ ఆగిందా, రెండో ముద్దకి చెయ్యి ఎంత తొందరగా వెళ్ళింది, కనుబొమలు ఎటు కదిలాయి, అన్నీ చూస్తుంది. మరిది దవడ ఆగింది. ఆగి, ఏమీ జరగనట్టు మళ్ళీ కదిలింది.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది వదినా." చెయ్యి చాపి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. సగం తాగాడు.

"ముక్క ఉడికిందా?"

"వెన్నలా ఉంది." మిగతా సగం తాగేశాడు.

పెద్దమ్మ జగ్గు వంచి గ్లాసు నింపింది. ఆయన నాలుగు చెంచాలు గబగబా తిన్నాడు, మందు మింగేవాడిలా. గ్లాసు ఖాళీ అయింది. మళ్ళీ నింపింది. అదీ ఖాళీ అయింది.

"ఉప్పు?" అని అడిగింది మెల్లిగా.

మరిది గిన్నెలోకి చూశాడు. మంచి మనిషి, అబద్ధం చెప్పాల్సి వస్తే తలుపు సందులో వేలు పడ్డట్టు విలవిల్లాడతాడు. "ఉప్పు... ఉంది వదినా," అన్నాడు. "ఉప్పుకేం లోటు లేదు."

ఎడమ చెవి ఎర్రగా కందిపోయింది. ఆ చెవి సంగతి పెద్దమ్మకి ఆయన పెళ్ళిచూపుల నాటి నుంచీ తెలుసు. 'వంటొచ్చా' అని అడిగితే 'వచ్చు' అన్నప్పుడు కూడా అలాగే కందింది.

గిన్నె అడుగుదాకా ఊడ్చేశాడు. వదిన వండింది వదలడం ఆయన వల్ల కాదు. లేచి, నాలుగో గ్లాసు నిలబడే తాగేసి, "బస్సు డిపోకెళ్ళాలి వదినా, టైరు చూడమన్నారు" అన్నాడు.

"ఇవాళ మీకు సెలవు కదా?"

"టైరుకి సెలవేముంది" అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టీ పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ స్టూలు మీద అలాగే కూచుండిపోయింది. నలభై డబ్బాల మాంసం కూర. నెల రోజుల రెక్కల కష్టం. ముప్ఫయ్యొక్కేళ్ళ క్యాంటీన్లో ఒక్కనాడు, ఒక్క రోగి కూడా ఉప్పెక్కువైందని పళ్ళెం వెనక్కి పంపలేదు. ఇప్పుడు ఒక్కగానొక్క పిల్ల పెళ్ళికి పంపిస్తారు. రేపు ఆ హోటలావిడ వచ్చి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా ఫోను తీసి వాళ్ళ వంటవాళ్ళని పిలుస్తుంది. పిల్లకిచ్చిన మాట అక్కడితో సరి. ఆ తర్వాత అసలు ఎందుకు ఇలా అయిందని అందరూ ఆరా తీస్తారు. ఆరా తీస్తే నాలుక సంగతి బయట పడుతుంది. 'పాపం, ఇంక నువ్వు గరిటె పట్టకు, కూచుని చెప్పు చాలు' అంటారు. ప్రేమగానే అంటారు. ఆ ప్రేమే ఆవిడకి భయం.

అయినా తప్పెలా జరిగింది? అదే అంతుపట్టలేదు.

ఆవిడ ఉప్పు చేత్తో వెయ్యడం మానేసి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అంతా తూకమే. కూర పొయ్యి మీద ఉన్నంతసేపూ ఉప్పు ముట్టదు, మరిగే కొద్దీ నీరు ఇంకిపోతుంది గనక అప్పటి లెక్క ఎటూ తప్పు. దించి, గోరువెచ్చన కానిచ్చి, "డబ్బాల్లో సర్దడం నా పని, మీరంతా అవతలికి నడవండి" అని అందర్నీ బయటికి తరిమి, తలుపేసుకుని, మొత్తం కూరని తూచి, కిలోకి తొమ్మిది గ్రాముల చొప్పున ఉప్పు తూచి కలుపుతుంది. అప్పుడు డబ్బాలకెత్తుతుంది. తలుపెందుకు వేసుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. చేతి వాటానికి పేరుపడ్డ మనిషి చిన్న తక్కెడ ముందు కూచుని ఉప్పు గింజలు లెక్కపెడుతుంటే ఎవరైనా చూస్తే ఇంకేముంది.

లేచి అలమర తెరిచి, గుడ్డలో చుట్టి దాచిన తక్కెడ తీసింది. విప్పని చక్కెర ప్యాకెట్టు దానిమీద పెట్టింది. కిలో కిలోగానే చూపించింది. తక్కెడ తప్పు కాదు. గోడకి అంటించిన కాగితం చూసింది. కిలోకి తొమ్మిది, తన చేతి రాతే. కాగితం తప్పు కాదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. మళ్ళీ తొమ్మిదే.

ఆ సమయానికి చెల్లెలు లోపలికొచ్చింది, రెండు చేతుల్లోనూ పేపరు పళ్ళేల కట్టలతో. పెళ్ళికూతురి తల్లి. చిన్నప్పటి నుంచీ నడిచేదానికంటే పరిగెత్తేదే ఎక్కువ. పళ్ళేలు బల్లమీద పడేసి, "ఆయనేంటే అక్కా, వీధి కొళాయి దగ్గర నిలబడి దోసిలితో నీళ్ళు తాగుతున్నారు" అంది.

పెద్దమ్మ మచ్చు డబ్బా అడుగున మిగిలిన పులుసు చెంచాతో తీసి చెల్లెలి నోటి దగ్గర పెట్టింది. "చూడు."

చెల్లెలు చూసింది. ఆ మొహం చదవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయాయి. తెరిచేసరికి వాటిలో నీళ్ళు. అవి ఉప్పు నీళ్ళా ఏడుపు నీళ్ళా తెలియలేదు.

"ఎక్కువైందా?"

"కొంచెం..." అని, అక్క చూపు చూసి, "బాగానే ఎక్కువైంది" అంది చెల్లెలు.

"ఎంత?"

"వెయ్యాల్సిన దానికి రెండింతలుంటుంది."

"నా చెయ్యి తప్పింది కాబోలు. తొందర్లో రెండుసార్లు వేసుంటాను" అంది పెద్దమ్మ. తనే చేసినట్టు ఒప్పుకోవడం తేలికనిపించింది. తక్కెడ కనపడకుండా దానిమీద గుడ్డ కప్పింది. "వయసు మీద పడుతోంది కదా."

చెల్లెలు తొట్టి దగ్గరికెళ్ళి కొళాయి తిప్పి, పొద్దున్నే కడిగి బోర్లించిన గరిటె తీసి కడగడం మొదలుపెట్టింది. అది కడిగి పెట్టి, పక్కనే ఉన్న మూకుడు తీసింది. అదీ కడిగిందే.

పెద్దమ్మ వీపు నిటారుగా అయింది. ఈ చెల్లెలు తప్పు చేసినప్పుడల్లా కడిగిన గిన్నెలే కడుగుతుంది. పదేళ్ళప్పుడు అక్క పుస్తకం నీళ్ళలో పడేసినరోజు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమిపెట్టింది, అమ్మ మురిసిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"కొళాయి కట్టెయ్" అంది పెద్దమ్మ.

కట్టేసింది.

"ఇటు తిరుగు. ఏం చేశావే నువ్వు?"

చెల్లెలు తిరిగింది. చేతిలో మూకుడు అలాగే ఉంది, నీళ్ళు కాళ్ళమీద కారుతున్నాయి. "నేనేశానే అక్కా."

"ఏమిటి?"

"ఉప్పు. నువ్వు ఉల్లిపాయలు తేవడానికెళ్ళినప్పుడు గిన్నెలో చూశాను. మరుగుతోంది, చప్పగా ఉంది. ఉప్పే లేదు. మర్చిపోయావనుకున్నా. నువ్వొచ్చేలోగా నేనే వేసి కలిపేశాను."

"నా గిన్నెలో ఉప్పేశావా?" పెద్దమ్మ గొంతు క్యాంటీన్లో పెరిగినంత పెరిగింది. "ముప్ఫయ్యొక్కేళ్ళు నా పొయ్యి దగ్గరికి ఇంకో చెయ్యి రానివ్వలేదే నేను. చప్పగా ఉంటే నోరు లేదా నీకు, అడగడానికి? 'అక్కా, ఉప్పు మర్చిపోయావు' అంటే నీ సొమ్మేం పోయింది?"

"ఎలా అడుగుతానే?" చెల్లెలి గొంతు కూడా పెరిగింది. అప్పటిదాకా పట్టి ఉంచిందంతా ఒక్కసారిగా తెగింది. "అడిగితే నువ్వు రుచి చూడాలి కదా. చూస్తే నీకు తెలీదు కదా. తెలీదని నాకు తెలుసన్న సంగతి నీకు తెలిసిపోతుంది కదా."

మూకుడులోంచి చుక్క పడ్డ చప్పుడు వినిపించింది.

పెద్దమ్మ స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాపి, తడుముకుని కూచుంది. "ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

"ఆరు నెలలైంది. ఒక ఆదివారం మీ ఇంటికొచ్చాను, నువ్వు చూడలేదు. కిటికీలోంచి కనిపించావు. నీ ఒక్కదానికి, రెండు గుడ్లు వేసుకున్న కూరకి, ఆ బుల్లి తక్కెడలో ఉప్పు తూచుకుంటున్నావు." చెల్లెలు మూకుడు గుండెలకి హత్తుకుంది. "నువ్వు తూచడం నేను పుట్టిన దగ్గర్నుంచీ చూళ్ళేదే అక్కా. లోపలికి రాలేకపోయాను. వీధి చివరిదాకా వెళ్ళి, ఏడ్చి, అప్పుడొచ్చి తలుపు కొట్టాను. 'కళ్ళెందుకే ఎర్రగా ఉన్నాయి' అంటే దుమ్మన్నాను."

పెద్దమ్మకి ఆ ఆదివారం గుర్తొచ్చింది. చెల్లెలు ఆరోజు కూర మూడుసార్లు వడ్డించుకుని, 'నీ చేతి రుచే వేరే' అని రెండుసార్లంది. ఒకసారి చాలు కదా అని అప్పుడే అనిపించింది కూడా. ఇన్నాళ్ళూ తను దాచానని పొంగిపోయిన సంగతిని ఈ పిచ్చిది తనకంటే జాగ్రత్తగా దాచిపెట్టింది. కోపం ఎక్కడికి పోయిందో పోయింది. చెల్లెలి మీద జాలి, తన మీద సిగ్గు మిగిలాయి.

"తూచే దాన్నని తెలిసి కూడా ఉప్పెందుకేశావే మరి?" అంది, మాట కాస్త సాగదీసి.

"నువ్వు కూర పొయ్యి మీదుండగానే వేస్తావు కదా ఎప్పుడూ. దించాక వేస్తున్నావని నాకెవరు చెప్పారు? తలుపేసేసుకుంటివి."

"ఒకసారి మర్చిపోయాననుకున్నావు, సరే. ఎన్నిసార్లేశావు?"

"మూడు వాయలకీ."

"మూడుసార్లూ మర్చిపోయాననుకున్నావా?"

"వయసు కదా అనుకున్నా."

"నువ్వు నాకంటే నాలుగేళ్ళే చిన్న."

"అది కూడా అనుకున్నా" అంది చెల్లెలు దీనంగా.

పెద్దమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, కాలేదు. నడుం వంచుకుని, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని నవ్వింది. చెల్లెలు కాసేపు బిక్కమొహం వేసుకు చూసి, తనూ మొదలుపెట్టింది. అరవై దాటిన ఇద్దరాడాళ్ళు, ముప్ఫై డబ్బాల కూర చెడగొట్టుకుని, రేపు పొద్దున్న వియ్యపురాలు వస్తుందనగా, వంటింట్లో కూచుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు," అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నేను మొదటిసారి రొట్టె కాల్చి మాడ్చేస్తే, అమ్మ తిడుతుందని మొత్తం నువ్వే తినేశావు. 'నాకు మాడిందే ఇష్టం' అన్నావు. అప్పట్నుంచి మన ఇంట్లో మాడింది ఏదున్నా నీకే తీసిపెడుతున్నాను, మర్చిపోకుండా."

చెల్లెలు నేలకేసి చూసింది. "ఆ సంగతి కూడా ఇవాళే చెప్పేస్తాను. మాడిందంటే నాకు ఇష్టం లేదే అక్కా."

"ఏమిటీ?"

"ఎప్పుడూ లేదు. నువ్వంత ప్రేమగా దాచిపెడుతుంటే ఎలా చెప్పను?"

పెద్దమ్మ మనసులో లెక్కేసుకుంది. యాభై ఏళ్ళ మాడు. ప్రతి విందులోనూ, ప్రతి పుట్టినరోజుకీ, అడుగంటిందంతా గీకి గీకి దీని పళ్ళెంలో వేసింది. లేచి వెళ్ళి చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది. ఇద్దరికీ మధ్య తడి మూకుడు నలిగింది.

"ఇంక మనిద్దరి మధ్యా దాపరికాలొద్దు," అంది. "మన ప్రేమలు మనల్ని చంపేట్టున్నాయి."

ఏడుపూ నవ్వూ అయ్యాక పెద్దమ్మలో క్యాంటీన్ మనిషి లేచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని ఊరుకునే రకం కాదు, ఏ ఆకు పట్టుకుంటే మంట తగ్గుతుందో చూసే రకం. చెల్లెల్ని బల్ల దగ్గర కూచోబెట్టింది. నాలుగో వాయ వండినరోజు చెల్లెలు పిల్లని తీసుకుని బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికెళ్ళింది. అంటే టీచరమ్మ ఫ్రీజర్లో ఉన్న పది డబ్బాలు శుభ్రంగా ఉన్నాయి. చెడింది మొదటి మూడు వాయలే.

"ఉప్పు తియ్యడం ఎవరి తరమూ కాదు. పలచన చెయ్యడం మన తరం" అంది. "ముప్ఫై డబ్బాల కూరకి సరిగ్గా ఇంకో ముప్ఫై డబ్బాలంత చప్పిడి కూర కలుపుదాం. బంగాళాదుంపలు, క్యారెట్టు, టమాటా. ఒక్క గింజ ఉప్పు వెయ్యకుండా. రేపు సాయంత్రానికి వండేస్తే, ఎల్లుండి అన్నీ కరిగించి కలిపి మరిగించవచ్చు. కూర ఎక్కువవుతుంది, అవనీ. మిగిలింది మా ఆస్పత్రి క్యాంటీన్‌కి పంపిద్దాం, వద్దనరు."

"మరి రేపు ఆవిడ రుచికొస్తే?"

"నాలుగో వాయ మచ్చు డబ్బా పెడదాం. అది బాగుంది కదా."

"బాగుందని నీకెలా తెలుసు?"

పెద్దమ్మకి తక్కెడ చెప్పింది, కాగితం చెప్పింది. వాటి మాట మీద ఎనిమిది నెలలుగా బతుకుతోంది. రుచి చూసే చెంచా పొయ్యి పక్కన మేకుకి వేలాడుతోంది. పొడుగు కాడ, అంచు అరిగిపోయిన చెంచా, క్యాంటీన్లో చేరిన రోజున కొనుక్కుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వదు. దాన్ని తీసి కాసేపు చేతిలో తిప్పింది. ఇచ్చెయ్యాలంటే మనసు రాలేదు, ఇవ్వకుండా ఉంచుకోడానికీ మనసు రాలేదు. చివరికి చెల్లెలి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇవాళ్టి నుంచి నా నాలుక నీ నోట్లో ఉంది," అంది. "జాగ్రత్త. అది నీలాగా అబద్ధాలాడే రకం కాదు. చప్పగా ఉంటే చప్పగా ఉందని నా మొహం మీద చెప్పాలి."

"చెప్తానక్కా."

"మాడితే మాడిందని చెప్పాలి."

"అదైతే మొట్టమొదట చెప్తా."

చెల్లెలు పరిగెత్తుకుంటూ పైకెళ్ళి టీచరమ్మ ఫ్రీజర్లోంచి నాలుగో వాయ మచ్చు డబ్బా తెచ్చింది. వేడి చేశారు. పెద్దమ్మ అటు తిరిగి నిలబడింది, ఈసారి మొహం చూడకూడదనుకుంది. చెల్లెలు నోట్లో పెట్టుకుంది. చప్పరించింది. రెండో చెంచా తిన్నది. మూడోది కూడా.

"చెప్పవే" అంది పెద్దమ్మ గోడకేసి చూస్తూ.

"అక్కా, నీ చేతి రుచే" అంది చెల్లెలు. ఒక్కసారే అంది.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి తన వంట ఎలా ఉందో తనకి తెలిసింది. పిల్ల పెళ్ళికి తనే వండుతుంది, చెల్లెలి నాలుకతో అయితేనేం. బంగాళాదుంపలు ఎన్ని కిలోలు కావాలో లెక్కేస్తూ సంచీ కోసం లేచిందో లేదో ఫోను మోగింది.

మూలమీది ఐస్‌క్రీం షాపాయన. "పెద్దమ్మగారూ, మీ కూర డబ్బా ఒకటిచ్చాను, ఫర్వాలేదు కదా?" అన్నాడు.

"ఎవరికిచ్చావు నాయనా?"

"పెళ్ళికొడుకు వాళ్ళమ్మగారట. కారు దిగి వచ్చారు. రేపు రావాల్సిందట గానీ, చెప్పి వస్తే మంచి డబ్బా ఏరి పెడతారని ఇవాళే వచ్చారట. హోటల్ వాళ్ళు కదండీ. పెళ్ళికూతురే చెప్పిందట, డబ్బాలు నా దగ్గరున్నాయని. పైనే చిన్న డబ్బా కనిపిస్తే వేడి చేసి ఇచ్చాను. ఇక్కడే బెంచీ మీద కూచుని తింటున్నారు."

ఆ షాపులో ఉన్నవి రెండో వాయ, మూడో వాయ. ఏ చిన్న డబ్బా అయినా ఒకటే.

"ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదండీ. మంచినీళ్ళడిగారు, ఇచ్చాను." ఆయన గొంతు కాస్త తగ్గించాడు. "ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారు."

పెద్దమ్మ ఫోను పెట్టేసింది. చెల్లెలు అంతా వినేసింది. చెయ్యి అప్పుడే తొట్టివైపు వెళుతోంది.

"గిన్నెలు ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది పెద్దమ్మ. "చెప్పులేసుకో. నిజం చెప్పడానికి వెళుతున్నాం."

"ఏ నిజం? నీ నాలుక సంగతా? అది చెప్తే ఆవిడ ఒప్పుకుంటుందా? నేను చేశానని చెప్తాను. నేనే చెడగొట్టానని. నువ్వు మాట్లాడకు."

"నువ్వు మాట్లాడకు. నా కూర, నా తప్పు."

"నా ఉప్పు, నా తప్పు."

వీధి పొడుగునా ఇదే పోట్లాట. ఇస్త్రీ కొట్టు ముందు, మంగలి కొట్టు ముందు, సైకిళ్ళు బాగుచేసే ఆయన ముందు, ఒకరి మాట ఒకరు తోసేసుకుంటూ, మోకాళ్ళు వద్దంటున్నా పెద్దమ్మ ముందూ, ఎప్పుడూ పరిగెత్తే చెల్లెలు ఆవిడ వేగానికి తగ్గి పక్కనా. షాపు మెట్ల దగ్గర ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

హోటలావిడ బెంచీ చివర కూచుని ఉంది. పొట్టి మనిషి, మెళ్ళో గొలుసుకి కళ్ళద్దాలు, చేతిలో సొంత చెంచా. ఎక్కడికెళ్ళినా తన చెంచా తనే తీసుకెళుతుందని పిల్ల ఒకసారి చెప్పింది. పక్కన మూడు ఖాళీ గ్లాసులు వరసగా ఉన్నాయి. ఎదురుగా మచ్చు డబ్బా. పెద్దమ్మ దానిలోకి తొంగి చూసి కళ్ళు నమ్మలేకపోయింది. డబ్బా అడుగు తళతళలాడుతోంది. మొత్తం తినేసింది.

ఆవిడ తలెత్తింది. ఆశ్చర్యపోలేదు, వీళ్ళొస్తారని తెలిసినట్టే ఉంది. "కూచోండి వదినగారూ" అని చెల్లెలికి చోటు చూపించి, పెద్దమ్మకేసి తిరిగింది.

"ఇరవై ఏళ్ళుగా వంటవాళ్ళతో వేగుతున్నాను," అంది. "ఈ కూర ఎవరు వండారో నాకు చెప్పక్కర్లేదు, ముక్క చూస్తేనే తెలుస్తోంది. ఒక్క సంగతి చెప్పండి చాలు. దీంట్లో ఉప్పెవరు వేశారు?"

పెద్దమ్మ నోరు తెరిచింది. చెల్లెలూ తెరిచింది. ఇద్దరి నోటి నుంచీ ఒకేసారి ఒకే మాట వచ్చింది.

"నేనే."

హోటలావిడ ఒకసారి అక్కనీ, ఒకసారి చెల్లెల్నీ చూసింది. చెంచా గుడ్డతో తుడిచి సంచీలో పెట్టుకుంది. అదే సంచీలోంచి ఫోను తీసి నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఎనిమిది నెలలుగా మొహాలు చదివి బతికిన పెద్దమ్మ, ఆ మొహంకేసి ఎంత చూసినా ఒక్క అక్షరం కూడా చదవలేకపోయింది.